పక్క మీద ఒత్తిగిలితే ఇల్లు గిర్రున తిరుగుతోందా? ఏ చెవో తేల్చుకుని ఇంట్లోనే ఎప్లీ చేసుకునే పద్ధతి

"ఎప్లీ ఇంట్లో చేసుకోవచ్చా అండీ?" "వీడియో చూసి చేశాను, తగ్గలేదేంటి?" "ఏ చెవో ఎలా తెలుస్తుంది?" ఫిజియోథెరపీ పనిలో ఉన్న నన్ను అమలాపురం వాళ్లు అడిగినా, భీమవరం వాళ్లు అడిగినా ఈ మూడు ప్రశ్నలే. ఎప్లీ అంటే చెవి వల్ల వచ్చే తల తిరుగుడు తగ్గడానికి తలను ఒక వరుసలో తిప్పుతూ చేసే పద్ధతి. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పేకంటే ఒకచోట రాసి పెడితే మేలనిపించింది.

ఇంట్లో ఎప్లీ చేసుకుని తగ్గలేదనేవాళ్లలో చాలామంది పద్ధతి బాగానే చేస్తారు. చెవే తప్పు. కుడి చెవికి చేయాల్సింది ఎడమ చెవికి చేసి, ఇది పనికిరాదని వదిలేస్తారు. అందుకే కింద చెవిని కనిపెట్టడం గురించి కాస్త ఎక్కువే రాశాను. ఆ భాగం దాటేసి నేరుగా స్టెప్పుల్లోకి వెళ్లకండి.

మీది ఈ రకం తిరుగుడేనా?

తెల్లవారుజామున పక్కకి ఒత్తిగిలుతారు. ఒకటి రెండు క్షణాలు ఏమీ ఉండదు. ఆ తర్వాత గది మొత్తం గిర్రున తిరిగిపోతుంది. "మంచం నన్ను విసిరేసిందండీ" అని చెప్పినవాళ్లున్నారు. అర నిమిషం, మహా అయితే నిమిషం. ఆగిపోతుంది. లేచి కూర్చోబోతే మళ్లీ మొదలు. పగలు కూడా తల కదలికను బట్టే వస్తుంది: కొబ్బరి దింపు తీయించేటప్పుడు తల ఎత్తి గెలల వైపు చూసినా, అటక మీద జాడీ అందుకోబోయినా, దండెం మీద బట్టలు ఆరేసినా, ముగ్గు వేస్తూ వంగి లేచినా. తల కదపకుండా కూర్చుంటే ఏమీ ఉండదు. చెవి లోపల పుట్టే ఈ తిరుగుడుని డాక్టర్లు బీపీపీవీ అంటారు.

మన వైపు దీనికి ముందు పడే పేర్లు వేరు: బీపీ, షుగర్ డౌన్, గ్యాస్, పైత్యం, లేదంటే "సర్వైకల్". ఇందులో బీపీని తేలిగ్గా పక్కన పెట్టొచ్చు. పడుకున్నవాళ్లు పడుకున్నట్టే ఉండి పక్కకి ఒత్తిగిలినంత మాత్రాన బీపీ పడిపోదు. కాబట్టి ఒత్తిగిలినప్పుడు తిరిగితే చెవిని అనుమానించండి. ఒత్తిగిలినా ఏమీ కాకుండా, లేచి నిలబడగానే కళ్లు బైర్లు కమ్మితే బీపీ చూపించుకోండి. ముఖ్యంగా బీపీ మాత్రలు వాడుతున్నవాళ్లు. ఇక సర్వైకల్ సంగతంటారా, అరవై దాటిన మనిషి మెడకు ఎక్స్‌రే తీస్తే ఎంతోకొంత అరుగుదల కనిపిస్తుంది. అది కనిపించింది కదా అని తిరుగుడు కూడా దాని వల్లే అనుకుని మెడ పట్టీ కట్టుకు తిరిగేవాళ్లను చూస్తే నాకు కొంచెం కోపమే వస్తుంది.

గంటల తరబడి ఆగకుండా తిరుగుతూ, చెవిలో హోరు, చెవుడు ఉంటే అది వేరే జబ్బు. రోజంతా తల ఎటూ కదపకపోయినా తిరుగుతుంటే అది ఇంకో జబ్బు. వాటికి ఎప్లీ పనిచేయదు.

అసలు లోపల ఏం జరుగుతుందో నాలుగు మాటల్లో చెప్తాను. లోపలి చెవిలో కాల్షియం కార్బొనేట్ రేణువులు ఒకచోట అతుక్కుని ఉంటాయి. వయసు వల్లో, తలకి దెబ్బ తగిలో, ఎక్కువ రోజులు మంచాన పడో, ఒక్కోసారి ఏ కారణం తెలియకుండానో అవి ఊడి, పక్కనే ఉన్న వంకర గొట్టంలోకి జారతాయి. తాపీమేస్త్రి లెవెల్ చూసుకునే నీళ్ల పైపును గుండ్రంగా చుట్టి, అందులో ఒక ఇసుక రేణువు వేశారనుకోండి. పైపును ఎటు తిప్పినా రేణువు అడుగుకే జారుతుంది. ఎప్లీలో మనం తలను అలా మెల్లగా, ఆగి ఆగి తిప్పి, రేణువును గొట్టంలోంచి బయటికి జార్చేస్తాం. ఆగడం ఎందుకంటే రేణువు జారడానికి టైం పడుతుంది. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో జాన్ ఎప్లీ అనే చెవి డాక్టర్ ఈ పద్ధతి కనిపెట్టి 1992లో వివరంగా ప్రచురించారు. మందు లేదు, కోత లేదు. సరైన చెవికి సరిగ్గా చేస్తే మొదటిసారికో, రెండు మూడు సార్లకో పదిమందిలో సుమారు ఎనిమిది మందికి తగ్గుతుంది.

ఇవి ఉంటే ఇంట్లో చేయొద్దు

తిరుగుడుతో పాటు మాట తడబడటం, మూతి వంకర, ఒక చెయ్యో కాలో పట్టు తప్పడం, ఒకటి రెండుగా కనిపించడం, ఎప్పుడూ లేనంత తలనొప్పి, అసలు నడవలేకపోవడం, స్పృహ తప్పడం, గుండెలో నొప్పి. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా 108కి ఫోన్ చేయండి. పక్షవాతం కూడా తల తిరుగుడుతో మొదలవ్వొచ్చు. "కాస్త నిమ్మకాయ నీళ్లు తాగి చూద్దాం" అని కూర్చునే సమయం కాదది. ఒక చెవి ఉన్నట్టుండి వినిపించకపోయినా ఆ రోజే ఈఎన్‌టీ డాక్టర్ని కలవాలి.

మెడ ఎముక విరిగినవాళ్లు, మెడకి ఆపరేషన్ అయినవాళ్లు, కీళ్లవాతం మెడ దాకా వచ్చినవాళ్లు, మెడ రక్తనాళాల్లో పూడిక ఉందని చెప్పించుకున్నవాళ్లు, ఈమధ్య కంటి ఆపరేషన్ అయినవాళ్లు, రెటీనా ఊడినవాళ్లు, కొద్ది రోజుల కిందట గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లు డాక్టర్ని అడక్కుండా చేయొద్దు. తలకి దెబ్బ తగిలాక తిరుగుడు మొదలైనవాళ్లూ అంతే. బండి మీంచి పడ్డాక వచ్చే దానిలో రెండు చెవులూ దెబ్బతిని ఉండొచ్చు, ఆ లెక్క ఇంట్లో తేలదు.

మొదటిసారి వచ్చినవాళ్లు ఒక్కసారైనా ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర రూఢి చేసుకుని, తర్వాత ఇంట్లో చేసుకుంటే మంచిదని నా అభిప్రాయం. కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి (జీజీహెచ్)లో ఈఎన్‌టీ విభాగం ఉంది. దగ్గర్లోని పట్టణంలో ఈఎన్‌టీ డాక్టర్ ఉంటే అక్కడైనా సరే.

కావలసినవి

గట్టి మంచం. నులక మంచం, నవారు మంచం పనికిరావు. మధ్యలో కుంగుతాయి, తల ఎంత వెనక్కి వాల్చినా నడుమే కిందికి పోతుంది. చెక్క మంచం మీద పల్చటి పరుపు సరిపోతుంది. అది లేకపోతే నేల మీద చాప, దాని మీద దుప్పటి. నేల మీదైతే పడిపోతామన్న భయం కూడా ఉండదు.

ఒక దిండు. ఇది తల కింద పెట్టడానికి కాదు, భుజాల కింద పెట్టడానికి. ఉబ్బెత్తు బూరుగు దూది దిండైతే మెడ మరీ విరుచుకుంటుంది. దుప్పటిని మడిచి నాలుగైదు అంగుళాల ఎత్తు చేసుకోండి.

పక్కన ఒక మనిషి. మొదటిసారి ఒంటరిగా చేయనే చేయొద్దు. ఆ మనిషి పని మూడు ముక్కలు: భుజాలు పట్టుకోవడం, ఫోన్లో సెకన్లు చూడటం, "కళ్లు ముయ్యకండి అత్తయ్యగారూ, నేను పట్టుకునే ఉన్నాను" అని ధైర్యం చెప్పడం.

ఒక బకెట్టో బేసినో. వాంతి రావచ్చు. టిఫినో భోజనమో చేసి రెండు మూడు గంటలు గడిచాక మొదలుపెట్టండి. ఉదయం పరగడుపునే చేసినా పర్వాలేదు, షుగర్ మందులు వాడేవాళ్లు మాత్రం ఖాళీ కడుపుతో ఎక్కువసేపు ఉండొద్దు.

ముందు ఏ చెవో కనిపెట్టండి

బాగుందనుకునే వైపు ముందు పరీక్షించండి. తిరిగే వైపు ముందు చేస్తే ఆ వికారంలో రెండో వైపు సరిగ్గా చూడలేరు. ఉదాహరణకి కుడి వైపు ఒత్తిగిలితే ఎక్కువ తిరుగుతోంది అనుకుందాం. అప్పుడు ఎడమ వైపుతో మొదలుపెట్టండి. ఇక్కడ కుడి చెవి పరీక్ష రాస్తున్నాను, ఎడమకి అన్నీ తారుమారు.

1. మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చోండి. వెనక్కి పడుకుంటే భుజాలు ఎక్కడ ఆనతాయో అక్కడ దిండు ఉండాలి. ఇది సరిచూసుకోవడానికి ముందొకసారి మామూలుగా పడుకుని చూసుకోండి.

2. తల కుడి వైపు 45 డిగ్రీలు తిప్పండి. డిగ్రీలు కొలవక్కర్లేదు. గడ్డం ఛాతీ మధ్యకీ, కుడి భుజానికీ సరిగ్గా మధ్యలో ఉంటే చాలు.

3. తల అలాగే ఉంచి, ఒక్క ఊపులో వెనక్కి పడుకోండి. రెండు సెకన్లలో అయిపోవాలి. భుజాలు దిండు మీద, తల వెనక భాగం పరుపు మీద, గడ్డం కాస్త పైకి. కుడి చెవి కిందికి ఉండాలి.

4. కళ్లు తెరిచే ఉంచండి. అర నిమిషం ఆగండి.

5. తిరుగుడు వచ్చినా రాకపోయినా లేచి కూర్చుని, కాస్త తేరుకునేదాకా ఆగండి. ఆ తర్వాతే రెండో వైపు.

ఏ చెవి కిందికి ఉన్నప్పుడు తిరుగుడు వచ్చిందో ఆ చెవే. పక్కనున్న మనిషి ఈ అర నిమిషం మీ కళ్లను ఫోన్లో వీడియో తీస్తే చాలా ఉపయోగం. ఫోన్ ముఖానికి జానెడు దూరంలో, గదిలో లైటు వేసి. నల్లగుడ్డు నుదుటి వైపుకీ, కింద ఉన్న చెవి వైపుకీ సుడి తిరిగినట్టు టకటకా ఎగురుతుంటే అది ఎప్లీకి లొంగే రకం. కొన్ని క్షణాలు ఆలస్యంగా మొదలై, పెరిగి, నిమిషంలోపు ఆగాలి. లేచి కూర్చున్నప్పుడు కాస్త తిరగడం మామూలే.

వీడియోలో ఇలా కాకుండా కనిపిస్తే ఆగండి. కన్ను పక్కకి, అంటే అడ్డంగా కొట్టుకుంటూ, రెండు వైపులా పడుకున్నా తిరుగుడు వస్తుంటే రేణువులు పక్కనే అడ్డంగా ఉండే ఇంకో గొట్టంలో ఉన్నాయని అర్థం. దానికి ఎప్లీ పనిచేయదు, మరో పద్ధతి ఉంది, కింద చెప్తాను. నల్లగుడ్డు కిందికి, బుగ్గ వైపు ఎగురుతున్నా, పడుకున్నంతసేపూ ఆగకుండా కొట్టుకుంటున్నా ఆ వీడియో పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. డాక్టర్ ముందు మీకు తిరుగుడు రాకపోయినా ఆ వీడియో మాట్లాడుతుంది.

రెండు వైపులా ఏమీ రాకపోతే? రోజులో పరీక్ష చాలాసార్లు చేస్తే తిరుగుడు తగ్గుతూ వస్తుంది, అది నయమైనట్టు కాదు. మర్నాడు లేవగానే ఒక్కసారి చూడండి. తిరుగుడు మాత్ర వేసుకుని పరీక్ష చేసుకున్నా సంకేతం మరుగున పడొచ్చు.

గూని ఉన్నవాళ్లకీ, మెడ వెనక్కి వాలనివాళ్లకీ ఇంకో దారి: మంచం అంచున కాళ్లు కిందికి వేలాడేసి కూర్చుని, తల ఎడమకి 45 డిగ్రీలు తిప్పి, కుడి పక్కకి వాలిపోవాలి. అది కుడి చెవి పరీక్షే. మెడ వెనక్కి వాల్చే పని ఉండదు.

ఎప్లీ: కుడి చెవికి

1. కాళ్లు చాపుకుని కూర్చుని తల కుడికి 45 డిగ్రీలు తిప్పండి. పరీక్షలో చేసినట్టే.

2. ఒక్క ఊపులో వెనక్కి పడుకోండి. భుజాలు దిండు మీద, తల వెనక్కి వాలి, కుడి చెవి కిందికి. తిరుగుడు వస్తుంది, రావాలి కూడా. అది ఆగాక ఇంకో అర నిమిషం ఆగండి. తిరుగుడు రాకపోయినా నిమిషం ఆగాల్సిందే. ఇక్కడే చాలామంది ఓపిక పట్టలేరు. భయపడి లేచి కూర్చుంటే రేణువు వచ్చిన దారినే వెనక్కి పోతుంది, మళ్లీ మొదటికి.

3. తల ఎత్తకుండా, పరుపు మీదే మెల్లగా ఎడమకి తిప్పండి. కుడి 45 నుంచి ఎడమ 45 దాకా, అంటే మొత్తం 90 డిగ్రీలు. కుడి పక్కనున్న కిటికీని చూస్తున్న కళ్లు ఎడమ పక్కనున్న గుమ్మాన్ని చూడాలి. గడ్డం పైకే ఉండాలి. నిమిషం ఆగండి.

4. ఇప్పుడు ఒళ్లంతా ఎడమ పక్కకి ఒత్తిగిలండి. తల కూడా ఒంటితో పాటే తిరగాలి. చివరికి మీరు ఎడమ భుజం మీద పడుకుని, ముక్కు నేల వైపు చూస్తూ ఉండాలి. ఇక్కడ మళ్లీ తిరగొచ్చు. భయపడొద్దు, మొదట తిరిగిన వైపే తిరిగితే రేణువు సరైన దారిలో కదులుతోందన్నట్టు. నిమిషం ఆగండి.

5. గడ్డం ఛాతీ వైపు కాస్త దించుకుని, ఎడమ వైపు కాళ్లు కిందికి దించుతూ మెల్లగా లేచి కూర్చోండి. సాయంగా ఉన్న మనిషి ఈ ఒక్క క్షణం భుజాలు గట్టిగా పట్టుకోవాలి. కూర్చోగానే ఎవరో ముందుకు తోసినట్టో, వెనక్కి లాగినట్టో అనిపించి పడిపోయేవాళ్లున్నారు.

6. పది నిమిషాలు అలాగే కూర్చోండి. నీళ్లు తాగండి. వెంటనే లేచి వంటింట్లోకి వెళ్లొద్దు.

ఎడమ చెవికైతే: తల ఎడమకి 45, పడుకోవడం, ఆగడం, తల కుడికి 90, ఆగడం, ఒళ్లు కుడి పక్కకి, ముక్కు నేల వైపు, ఆగడం, కుడి వైపు నుంచి లేవడం.

గుర్తుపెట్టుకోవడానికి ఒక్కటే: తిరిగే చెవి వైపు మొదలుపెట్టి, బాగున్న చెవి వైపు లేవాలి. మొదటిసారి చేసేటప్పుడు కాగితం మీద పెద్ద అక్షరాలతో "కుడి, ఎడమ, ఎడమ పక్క, ఎడమ నుంచి లేవడం" అని రాసి గోడకి అంటించుకోండి. తల గిర్రున తిరుగుతున్నప్పుడు కుడి ఎడమలు గుర్తుండవు, చదువుకున్నవాళ్లకైనా.

రోజుకు ఒకసారి చేయొచ్చు, ఒంట్లో ఓపిక ఉంటే మూడుసార్ల దాకా. ఒక రోజు పూర్తిగా తిరుగుడు లేకుండా గడిస్తే ఆపేయండి. వారం చేసినా మార్పు లేకపోతే ఇక ఇంట్లో చేస్తూ కూర్చోవద్దు.

ఎక్కడ తప్పు చేస్తారు

తల వెనక్కి సరిగ్గా వాలకపోవడం అన్నిటికంటే ముందు చెప్పుకోవాలి. దిండు తల కింద పెట్టేసుకుంటారు, అలవాటు కదా. అప్పుడు గొట్టం పడాల్సిన వాలు పడదు, రేణువు కదలదు. దిండు భుజాల కింద ఉందో లేదో పక్కనున్న మనిషి ఒకసారి తడిమి చూడాలి.

మూడో స్టెప్పులో తల ఎత్తి తిప్పడం. ఇది మనకు తెలియకుండానే జరిగిపోతుంది. పక్కనున్నవాళ్లు రెండు చేతులతో తలను కింద నుంచి పట్టుకుని తిప్పితే ఈ తప్పు రాదు.

నాలుగో స్టెప్పులో ఒళ్లు తిరుగుతుంది, ముఖం మాత్రం గోడ వైపే చూస్తూ ఉండిపోతుంది. ముక్కు నేల వైపుకి రావాలి. నేల మీద ఒక చెంబు పెట్టి దాన్ని చూడమంటే ఠక్కున కుదురుతుంది.

కళ్లు మూసుకోవడం వల్ల నష్టం లేదు గాని, తిరుగుడు ఎప్పుడు ఆగిందో తెలియదు. సెకన్లు మనసులో లెక్కపెట్టుకోవడం కూడా నమ్మకం లేని పని. తిరుగుతున్నప్పుడు పది సెకన్లే నిమిషంలా అనిపిస్తాయి. ఫోన్ స్టాప్‌వాచ్ వాడండి.

ఇంకొకటి, తిరుగుడు వచ్చిందని సగంలో ఆపేయడం. మొదలుపెట్టే ముందే ఇంట్లోవాళ్లకి చెప్పి ఉంచాలి: నేను అరిచినా సరే, నాలుగో స్టెప్పు దాకా తీసుకెళ్లండి అని. పైన రాసిన ప్రమాద సూచనలు కనిపిస్తే తప్ప మధ్యలో ఆపొద్దు.

పనిచేసిందో లేదో చూసుకోవడం

ఎప్లీ అయిన వెంటనే మళ్లీ పరీక్ష చేసుకుని "తిరగలేదు, తగ్గిపోయింది" అని సంబరపడితే తొందరపాటే. వెంట వెంటనే చేస్తే తిరుగుడు ఎలాగూ తగ్గుతుంది. మర్నాడు పొద్దున్న, పక్క మీంచి లేవకముందే, అదే చెవి పరీక్ష ఒకసారి చేయండి. తిరుగుడు లేదు, కన్ను ఎగరలేదు అంటే పనిచేసినట్టే.

తిరుగుడు పోయినా నాలుగైదు రోజులు తేలిపోతున్నట్టు, నడిస్తే పక్కకి తూలినట్టు అనిపించడం సహజం. పడుకుని ఉంటే అది పోదు. సాయంకాలం వీధిలో నడవండి, తల అటూ ఇటూ తిప్పి చూస్తూ నడవండి. తల కదిపితే మళ్లీ వస్తుందేమోనని మెడ బిగబట్టుకుని తిరిగేవాళ్లకి ఈ తూలు ఎక్కువ రోజులు ఉంటుంది, పైగా మెడ నొప్పి బోనస్.

ఎప్లీ తర్వాత రెండు రోజులు కూర్చునే నిద్రపోవాలి, ఒక వైపే పడుకోవాలి అని పూర్వం చెప్పేవాళ్లు. అవసరం లేదు. మామూలుగా పడుకోండి.

ఒక్కోసారి ఎప్లీ తర్వాత తిరుగుడు రూపం మారుతుంది. అంతకుముందు ఒక వైపు ఒత్తిగిలితేనే తిరిగేది, ఇప్పుడు రెండు వైపులా ఇంకా గట్టిగా తిరుగుతోంది, కన్ను అడ్డంగా కొట్టుకుంటోంది. రేణువు ఒక గొట్టంలోంచి పక్క గొట్టంలోకి వెళ్లిందన్నమాట. కంగారు పడాల్సింది కాదు గాని, ఎప్లీ ఆపేయండి. దీనికి వెల్లకిలా పడుకుని, బాగున్న చెవి వైపుకి ఒక్కో మలుపు 90 డిగ్రీలు చొప్పున, నిమిషం ఆగుతూ ఒక పూర్తి చుట్టు దొర్లాలి: వెల్లకిలా, పక్కకి, బోర్లా, రెండో పక్కకి, మళ్లీ వెల్లకిలా. ఏ చెవో తేల్చడం ఇందులో ఇంకా కష్టం కాబట్టి మొదటిసారి డాక్టర్ దగ్గరే చేయించుకోండి.

మెడ వాల్చలేనివాళ్లకి

సెమాంట్ పద్ధతి. మంచం అంచున కూర్చోవాలి. కుడి చెవికైతే తల ఎడమకి 45 తిప్పి, ఆ తల అలాగే ఉంచి కుడి పక్కకి వేగంగా వాలాలి. ముఖం పైకప్పు వైపు ఉంటుంది. నిమిషం ఆగాలి. ఆ తర్వాత తల తిప్పకుండా, మధ్యలో ఎక్కడా ఆగకుండా, ఒక్క ఊపులో లేచి అవతలి పక్కకి, అంటే ఎడమకి వాలిపోవాలి. ఇప్పుడు ముఖం పరుపు వైపు ఉంటుంది. నిమిషం ఆగి మెల్లగా లేవాలి. ఇందులో ఉన్నదంతా వేగంలోనే. నడుం నొప్పి, తుంటి ఆపరేషన్ ఉన్న పెద్దవాళ్లకి ఇది కుదరదు.

చెవి తేలనివాళ్లకి బ్రాండ్-డారాఫ్ వ్యాయామాలు ఉన్నాయి: అంచున కూర్చుని ఒక పక్కకి వాలి, ముఖం పైకి ఉంచి అర నిమిషం, లేచి అర నిమిషం, రెండో పక్కకి అర నిమిషం, మళ్లీ లేవడం. ఇలా ఐదేసి సార్లు, రోజుకు రెండు మూడు విడతలు, రెండు వారాలు. ప్రమాదం తక్కువ, ఫలితం కూడా ఎప్లీ కంటే తక్కువే. చెవి తెలిసినవాళ్లు దీంతో కాలం గడపడం దండగ.

మాత్రల సంగతి

ఆర్ఎంపీ దగ్గర ఒక ఇంజెక్షన్, ఒక సెలైన్ బాటిల్, పది రోజులకి వెర్టిన్ మాత్రలు. చాలామంది ఈ దారిలోనే వస్తారు. ఈ మాత్రలు వికారాన్ని తగ్గిస్తాయేమో గాని గొట్టంలోని రేణువును కదపలేవు. చాలాసార్లు కొన్ని వారాలకి రేణువు దానంతటదే సర్దుకుంటుంది, పేరు మాత్రకి వస్తుంది. స్టెమెటిల్, సిన్నరిజిన్ లాంటివి నెలల తరబడి వాడితే పెద్దవాళ్లలో చేతుల వణుకు, ఒళ్లు బిగుసుకుపోవడం రావచ్చు. రెండు మూడు రోజులు వాంతికి వాడటం వేరు, చీటీ పోయినా షాపులో అడిగి ఏడాది పొడుగునా వాడటం వేరు. అలాగని వేరే జబ్బుకి డాక్టర్ రాసిన మందును ఇది చదివి ఆపేయొద్దు. వాంతి భయం ఎక్కువున్నవాళ్లు, ఎప్లీకి ముందు వాంతి మాత్ర వేసుకోవచ్చేమో డాక్టర్ని అడగండి.

పనిలోకి ఎప్పుడు

మర్నాటి పరీక్షలో తిరుగుడు లేదని తేలేదాకా కొబ్బరి చెట్టు ఎక్కొద్దు. దింపు తీసేవాళ్లకి ఇది కూలి పోయే మాట, నాకు తెలుసు. కానీ చెట్టు మీద తల ఎత్తగానే వచ్చే ఆ అర నిమిషం చాలు. బండి కూడా అంతే, అందులోనూ ఒక పక్క కాలువ, ఒక పక్క చేను ఉన్న గట్టు మీద. చేపల చెరువు గట్టు మీద రాత్రి కాపలా, పంట కాలువ రేవులో మెట్లు దిగి స్నానం, నిచ్చెన ఎక్కి పెంకులు సర్దడం, ఇవీ వాయిదా వేయండి. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి గోదావరి దాటించే పంటు ఎక్కొచ్చా అని అడుగుతారు. ఎక్కొచ్చు, కాకపోతే అంచున నిలబడకుండా కూర్చోండి. పంటు ఊగితే వచ్చే వికారం వేరు, దాని వల్ల రేణువులు ఊడవు.

తలంటు పోసుకునేటప్పుడు తల వెనక్కి వాల్చకుండా, ముందుకీ పూర్తిగా వంచకుండా, నిటారుగా కూర్చుని ఇంకొకరి చేత పోయించుకోండి. సెలూన్లో తల వెనక్కి వాల్చే కుర్చీ కొన్నాళ్లు వద్దనండి.

మళ్లీ వస్తే

వస్తుంది, చాలామందికి. ఐదేళ్లలో సగం మందికి దాకా మళ్లీ వస్తుందని లెక్క. విటమిన్ డి తక్కువ ఉన్నవాళ్లు దాన్ని సరిచేసుకుంటే మళ్లీ రావడం కొంత తగ్గుతుంది కాబట్టి, మాటిమాటికీ వచ్చేవాళ్లు ఆ రక్త పరీక్ష చేయించుకోండి. డోసు డాక్టర్ చెప్పినట్టే. పొరుగింటావిడ వారం వారం వేసుకుంటోందని అదే పొడి ప్యాకెట్ తెచ్చుకోవద్దు.

మళ్లీ వచ్చినప్పుడు గోడకి అంటించిన పాత కాగితం చూసి నేరుగా ఎప్లీకి దిగకండి. పోయినసారి కుడి చెవైతే ఈసారీ కుడే అవ్వాలని లేదు. రెండు వైపులా పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేసి, చెవి తేలాకే పడుకోండి.